నాయన ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు

మా నాయన తీవ్ర వికలాంగుడని నాకు ఒక డిసెంబరు సాయంత్రం మాలూరు స్టేషన్లో తెలిసింది. రైలు కోసం నిలబడి, ఫోనులో ఆదాయపు పన్ను వెబ్‌సైటు తెరిచి, నా పేరు మీద దాఖలైన రిటర్నును జీవితంలో మొదటిసారి చదువుతున్నాను. అందులో ఇలా ఉంది: ఆధారపడినవారు, తండ్రి. వైకల్యం, తీవ్రం. మినహాయింపు, లక్షా ఇరవై ఐదు వేలు. పక్కనే మా నాయన ఆధార్ నంబరు, ఒక్క అంకె కూడా తప్పు పోకుండా. ఆ పొద్దునే ఆ తీవ్ర వికలాంగుడు గుమ్మం దాకా నడిచొచ్చి, "పాపా, డబ్బా మర్చిపోతాండావు" అని నా చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చి పంపాడు.

మాది కోలారు బంగారు గనుల దగ్గరి ఆండర్సన్‌పేట. రోజూ మారికుప్పంలో రైలెక్కి మాలూరులో దిగి ఒక ఫ్యాక్టరీకి పోతాను. తయారైన సరుకులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. గీత పడినా, అంచు వంకర పోయినా నా కంట పడకుండా పోదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా సెక్షన్లోనే కాదు, రైల్లో మా బోగీ మొత్తానికి తెలుసు. అలాంటిదాన్ని, నా సొంత రిటర్నులో ఏం రాస్తున్నారో పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీరు కోరిన మినహాయింపు మీద సందేహం ఉంది, మీ రిఫండు ఆపి ఉంచాం, సరిచూసుకుని నెలాఖరులోగా సవరించిన రిటర్ను వేయండి అని. మొదట దొంగ మెసేజ్ అనుకున్నాను. మా అకౌంట్సు సారు దగ్గరికి తీసుకుపోతే ఆయన రెండుసార్లు చదివి, అసలుదే అన్నాడు.

"రిటర్ను ఎవరు వేసినారు మేడం?"

"మా మామ."

"ఆడిటరా?"

"కాదు సార్. గనిలో టోకెన్ ఆఫీసులో పని చేసినాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఫ్యాక్టరీ ఇచ్చే ఫారం పదహారులో జీతమెంత, పట్టుకున్న పన్నెంత అని ఉంటుంది. నా పాన్ నంబరు మీద ఎంత పన్ను జమ అయిందో సైటులో ఉంటుంది. ముందు ఆ రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే మినహాయింపులు. ప్రతి మినహాయింపుకూ ఇంట్లో ఒక కాగితం ఉండి తీరాలి. రిటర్ను వేసేటప్పుడు ఆ కాగితాన్ని జత చేయమనరు, అందుకే అందరూ అక్కర్లేదనుకుంటారు. అడిగిన రోజున చూపించలేకపోతే కట్టాల్సిన పన్నూ వడ్డీయే కాదు, జరిమానా కూడా.

"వేసింది మామ కదా సార్, నేను సంతకం కూడా పెట్టలేదు" అన్నాను.

"ఓటీపీ చెప్పినారు కదా. అదే సంతకం."

నేను చెప్పలేదు. అదీ అసలు విచిత్రం. ఇంటిల్లిపాదికీ ఆధార్ తీయించిన రోజున మా ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, మా నాయనది. అందరికీ ఆ నంబరే రాయించాం. ప్రతి జులైలోనూ మామ మా నాయనకు ఫోను చేస్తాడు, ఈయన ఆరు అంకెలు చదివి చెబుతాడు, నా రిటర్ను పూర్తవుతుంది. నేను మామకు రెండు వందలు, ఒక పావు కిలో మిక్చరు ఇస్తాను. పన్నెండేళ్ళుగా దేశానికి నేను చేసిన ప్రమాణాలన్నీ ఇలాగే జరిగాయి.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదు, మా ఊరి అలవాటు. గని నడిచిన రోజుల్లో లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దాన్నే టోకెన్ అనేవాళ్ళు. దిగే ముందు టోకెన్ ఆఫీసు కిటికీలో తీసుకోవాలి, పైకొచ్చాక అక్కడే తిరిగి ఇవ్వాలి. ఆఫీసు పలకకు బిళ్ళ వేలాడుతుంటే మనిషి పైన ఉన్నట్టు, లేకపోతే లోపలున్నట్టు. ఆ కిటికీ వెనక కూర్చున్నవాడి లెక్క మీదే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. మామ ఆ కిటికీ వెనక మనిషి. గని మూసేశాక ఆండర్సన్‌పేటలో జిరాక్సు షాపు పెట్టి, ఒక కంప్యూటరు కొని, రైల్లో పోయే మాలాంటి వాళ్ళకు రిటర్నులు వేయడం మొదలుపెడితే, ఎవ్వరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మనుషుల్నే లెక్క తప్పకుండా చూసుకున్నవాడు కాగితాల్ని చూసుకోలేడా అనుకున్నాం. నా పాస్‌వర్డు కూడా ఆయన పెట్టిందే. నా పేరు, దాని వెనక గనిలో మా నాయన టోకెన్ నంబరు.

ఆదివారం దాకా ఆగే ఓపిక నాకు లేదు. రైలు దిగి నేరుగా షాపుకు పోయాను. మామ ఎవరిదో రేషను కార్డు జిరాక్సు తీస్తున్నాడు.

"రామ్మా, కూచో. టీ చెప్పేదా?"

"టీ వద్దు, గీ వద్దు. మా నాయనకి కాళ్ళు లేవా మామా? కండ్లు లేవా? ఏం జూసి రాసినావు ఆ మాట?"

షాపులో ఉన్న ఇద్దరూ కాగితాలు తీసుకుని చల్లగా జారుకున్నారు. మామ కంగారు పడతాడనుకున్నాను. పడలేదు.

"ఊపిరి లేదు గదమ్మా" అన్నాడు.

నేను చేతిలోని టిఫిన్ డబ్బా ఆయన బల్ల మీద పెట్టాను.

"ముందు ఏండ్లు ఏం రాయలేదు నేను. నీకు ఉన్నదే ఏసినాను. ఈ ఏడు మీ ఇంటికొచ్చినప్పుడు జూస్తి. మంచం కాడి నుంచి బాత్రూము కాడికి పోయేదానికి రెండు తూర్లు కూచున్నాడు మీ నాయన. ఇంగ ఆ ఫారంలో ఒక గడి ఉండాది, మామూలుదా, తీవ్రమా అని. దాన్ని జూస్తానే నాకు మీ నాయనే కనిపించినాడు. నొక్కేస్తి. అబద్ధమా? నువ్వే చెప్పు."

కడిగిపారేద్దామని వచ్చిన నేను మా నాయన నడకను తలుచుకున్నాను. మా నాయన దగ్గు నాకు గడియారంలాంటిది. నా చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ రెండేళ్ళుగా మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటాడు. ఒక వాక్యానికి మూడుసార్లు. నాకు అలవాటై, వినడం మానేశానేమో.

కోపం ఇంకో దారి పట్టింది. నిజమే రాసినప్పుడు దాన్ని ఎందుకు తీసేయాలి? దానికి కావాల్సిన కాగితం తెస్తే సరిపోతుంది కదా! పన్ను మాట అటుంచి, మా నాయన ఊపిరి పోయిందని సర్కారు కాగితం మీద ఒక్క చోటైనా ఉండాలనిపించింది నాకు. ఆ క్షణంలో అదే పంతం పట్టుకుంది.

"సరే మామా. సర్టిఫికెట్ నేను తెస్తాను. గనిలో ఏటేటా ఛాతీ ఎక్స్‌రే తీసేవాళ్ళు గదా, అవన్నీ ట్రంకులో ఉండాయి. ఎత్తుకోని కోలారు పెద్దాసుపత్రికి పోతాను. గని దుమ్ము ఛాతీలో ఏ ఏడు ఎంత దిగిందో దాంట్లో కనబడదా?"

మామ మిషను ఆపేశాడు.

"అవి ఎత్తుకోని పోబాకమ్మా."

"ఏం?"

"అవి మీ నాయనవి కావు."

"మరి ఎవరివి?"

ఆయన చొక్కా జేబు మీద, గుండె దగ్గర, వేలితో రెండుసార్లు తట్టుకున్నాడు. "నావి."

స్టూలు మీద కూర్చున్నాను. మామ తలుపు సగం వేసి, నా వైపు చూడకుండా చెప్పాడు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మనిషిని లోపలికి దించరు. పైన పని ఇస్తారు, లోపలి పనికిచ్చే భత్యం పోతుంది. మా నాయనకు మచ్చ ఉందని ఆయన దగ్గే చెబుతోంది. అందుకని ఎక్స్‌రే రోజున మా నాయన టోకెన్ పట్టుకుని మామ వరసలో నిలబడేవాడు. వాళ్ళు పిలిచేది నంబరు. నంబరుకు పలికినవాడి ఛాతీకి ఫోటో. ఆఫీసు కిటికీలో కూర్చున్నవాడి ఊపిరితిత్తులకు దుమ్మెక్కడిది? ఏటా ఫిట్ అని ముద్ర పడేది.

"ఎన్నేండ్లు?"

"ఏడు."

"ఎందుకట్ల చేసినారు? బుద్ధుండక్కర్లేదా ఇద్దరికీ?" అని అరిచాను. అరిచానన్నది షాపు బయట కుక్క లేచినప్పుడు తెలిసింది.

"నేనూ అదే అంటిని. నిన్ను ఇంగ్లీషు స్కూల్లో ఏసిన ఏడమ్మా అది. ఫీజు కట్టల్ల. నువ్వు పది పాసయ్యేదాకా అన్నాడు. సరే, పది దాకానే గదా అని నేనూ నిలబడితి."

ఇన్నాళ్ళూ ఆ ముద్ర వేసిన డాక్టర్లను తిట్టుకున్నాను. పాపం, వాళ్ళు రాసింది నిజమే. మామ ఛాతీ నిజంగానే ఫిట్. అది తలుచుకున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. నేను చదివిన ప్రతి ఇంగ్లీషు ముక్కా, ఈ ఉద్యోగం, ఈ జీతం, ఆ జీతం మీద పట్టుకునే ఈ పన్ను, అన్నీ ఆ ఏడేళ్ళ దుమ్ములోంచి వచ్చాయి. నాకెవ్వరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి పోయి మా నాయనను ఏమీ అనలేదు. "కోలారు ఆసుపత్రికి పోదాం, సర్టిఫికెట్ కావాల, పన్ను విషయం" అన్నాను అంతే. ఎందుకులే అంటాడనుకున్నాను. "సరే పాపా" అన్నాడు.

వికలాంగుల సర్టిఫికెట్లు చూసే రోజు కనుక్కుని, సెలవు పెట్టి, బస్సులో తీసుకుపోయాను. గది మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మీద ఆయన రెండుసార్లు కూర్చున్నాడు. మామ లెక్క సరిగ్గానే ఉంది. పైన ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. కొత్తగా ఎక్స్‌రే తీయించి, ఫిల్మును వెలుగుకు పట్టుకుంది. నల్లటి దాని మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెండు వైపులా, పైనుంచి కింది దాకా.

"గనిలో పని చేసినారా? అక్కడ ఏటా ఎక్స్‌రే తీసేవాళ్ళు కదా, ఏమీ చెప్పలేదా?" అంది.

మా నాయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "తీసినారమ్మా. బాగుండాది... అన్నారు" అన్నాడు. ఆ అబద్ధం ఎంత శుభ్రంగా వచ్చిందంటే, నిజం తెలిసిన నేనే నమ్మబోయాను.

సర్టిఫికెట్ అడిగాను. ఆమె ఫిల్ము కింద పెట్టి, అసలు దెబ్బ అప్పుడు కొట్టింది. ఈ సర్టిఫికెట్ ఇవ్వడానికి చట్టంలో ఒక పట్టిక ఉంది. చూపు, వినికిడి, కాళ్ళు చేతులు, మనసు, ఇలా ఇరవైకి పైగా ఉన్నాయి. ఊపిరితిత్తులు లేవు.

"లేవంటే?"

"ఆ పట్టికలో లేవమ్మా. ఎంత పాడైనా దాని కింద నేను రాయలేను."

"కాలు లేకుంటే మనిషి బతుకుతాడు డాక్టరమ్మా. ఊపిరి లేకుంటే ఎట్ల బతికేది? ముందు రాయాల్సింది అదే గదా!"

ఆమె కోపం తెచ్చుకోలేదు. జబ్బు పేరు, మందులు రాసిస్తాను, ఆక్సిజన్ మిషను గురించి చెబుతాను, అంతవరకే నా చేతిలో ఉంది అంది. మా నాయన నా చీర కొంగు లాగాడు. "పద పాపా... ఆ బిడ్డ... ఏం జేస్తాది."

మర్నాడు అకౌంట్సు సారుకు సంగతి చెప్పాను. ఆయన బల్ల మీదికి వంగి, పెద్ద జబ్బుల వైద్యం ఖర్చుకు వేరే మినహాయింపు ఒకటి ఉంది గానీ అందులోనూ ఇది లేదన్నాడు. ఇంకోటి మాత్రం దొరకొచ్చు, నాయనకు అరవై దాటి, ఇన్సూరెన్సు లేకుండా ఉంటే ఆయన మందుల ఖర్చు చూపించొచ్చన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "బిల్లులన్నీ దాచినాను సార్!"

"డబ్బు ఎట్లా కట్టినారు? ఫోన్లోనా, కార్డా?"

"నోట్లు."

"నగదు పనికిరాదు మేడం. వచ్చే ఏడాదైనా ఫోన్లో కట్టండి." ఆండర్సన్‌పేట మందుల షాపులో ఫోను ఊపి డబ్బు కట్టే సదుపాయం ఎప్పుడో వచ్చింది. చిల్లర ఉందిలే అని ప్రతిసారీ నోటు తీసి ఇచ్చింది నేనే.

ఇక మిగిలింది ఒకటే దారి. డిసెంబరు ముప్పై ఒకటి దాటకముందు సవరించిన రిటర్ను వేయాలి. ఆ గడువు దాటితే తప్పు దిద్దుకోవడానికి కూడా పైన అదనపు పన్ను కట్టాలట. సారు ఒక తెల్ల కాగితం మీద వరసగా రాసిచ్చాడు. మొదటి రిటర్ను రసీదు నంబరు వేయాలి, తప్పు గడి ఖాళీ చేయాలి, మిగిలిన అంకెలు ఫారం పదహారుతో సరిపోయాయో చూడాలి, ముప్పై రోజులు గడువుంది కదా అని ఊరుకోకుండా వెంటనే ఓటీపీతో ధ్రువీకరించాలి. ధ్రువీకరించని రిటర్ను వేయనట్టే లెక్క. పాస్‌వర్డు మార్చేయమని అన్నిటికంటే కింద రాసి, రెండు గీతలు గీశాడు.

ఆదివారం పొద్దున, ఎండ వరండాలోకి వచ్చే వేళకు, ఆఫీసు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా నాయన నా పక్కనే మంచం మీద, ఫోను ఒళ్ళో పెట్టుకుని. పాస్‌వర్డు మారుస్తున్నప్పుడు ఆయన టోకెన్ నంబరును చెరిపేయబుద్ధి కాలేదు. అయినా చెరిపేశాను. ఆ గడి దగ్గరికి వచ్చాక చేయి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఇదే నాయనా. నీకు తీవ్రమైన వైకల్యం ఉండాదని మామ రాసిన చోటు. దీన్ని తీసెయ్యాల."

"ఉండు. ఒక తూరి... చదువు."

చదివాను. తండ్రి, తీవ్రం, అని. ఆయన తల ఊపాడు. ఇంకోసారి చదవమంటాడేమో అనుకున్నాను. "తీసెయ్" అన్నాడు.

తీసేశాను. ఆ రిటర్ను ప్రకారం ఇప్పుడు నా మీద ఆధారపడిన జబ్బు మనిషి ఎవ్వరూ లేరు. ఇందులో రాసినదంతా నాకు తెలిసినంతవరకు సత్యమని ప్రకటిస్తున్నాను అనే వాక్యం కింద టిక్కు పెట్టాను. పాత రిటర్నులో చట్టానికి పనికిరాని నిజం ఉంది. దీంట్లో చట్టానికి అంతా సరిగ్గానే ఉంది, మా నాయన మాత్రం లేడు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆయన ఒళ్ళో ఫోను మోగింది. ఓటీపీ. నేను చేయి చాపాను.

ఆయన ఫోను వెనక్కి తీసుకున్నాడు. "నేనే చెప్తా."

"ఇటియ్యి నాయనా, నేను జూసుకుంటా. నీకెందుకు ఆయాసం."

"వద్దు. ఎవరి టోకెన్... వాళ్ళే ఇయ్యల్ల." కొంచెంసేపు గాలి తీసుకున్నాడు. "అప్పుడు... నా బదులు... వాణ్ణి పంపిస్తి. ఇది... నేనే ఇస్తా."

నాకు తెలుసని ఆయనకు తెలుసు! మామ చెప్పాడో, కోలారు బస్సులో నా ముఖం చూసి కనిపెట్టాడో. నేను ల్యాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఆయన చదవలేడు.

"నాలుగు" అన్నాడు. నాలుగు నొక్కాను.

"సున్న."

ఆగాడు. మంచం పట్టె పట్టుకున్న చప్పుడు వినిపించింది.

"తొమ్మిది."

జులై నెలలన్నీ గుర్తొచ్చాయి. మామ అటు వైపు ఫోను పట్టుకుని ఇలాగే కాచుకుని ఉండేవాడా? ఎన్నేళ్ళ కిందట ఆరు అంకెలూ ఒకే ఊపిరిలో వచ్చేవి? ఏ ఏడాది మూడో అంకె దగ్గర ఆగడం మొదలైంది? పక్క గదిలో తల దువ్వుకుంటూ నేను ఏమీ వినలేదు. మామ విన్నాడు. అందుకే ఆ గడి నొక్కాడు.

"తొమ్మిది... అంటి గదా?"

"అన్నావు నాయనా. తర్వాత?"

"ఒకటి." ఆ తర్వాత దగ్గొచ్చింది. చాలాసేపు వచ్చింది. నేను నీళ్ళు తేబోతే చేత్తో వద్దన్నాడు. కూర్చోమన్నట్టు సైగ చేశాడు.

"ఏడు."

"ఇంకొకటే."

"రెండు."

నొక్కాను. మీ రిటర్ను విజయవంతంగా ధ్రువీకరించబడింది అని ఆకుపచ్చ రంగులో వచ్చింది.

"అయిందా?"

"అయింది నాయనా."

"ఇంగ నాకు... ఏమీ లేదని... రాసినట్టేనా?"

"అవును."

ఆయన ఫోను దిండు కింద పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు.

"ఫిట్" అన్నాడు.